టింగు నడక

ఆదివారం పొద్దున సినిమా హాలు ముందున్న ఖాళీ జాగాలో నలభై యాభై మంది పిల్లలు కుంటుతూ పరుగులు పెడుతున్నారు. ఎడమ కాలిని పక్కకి గిరుక్కున తిప్పి, భుజం ఎగరేసి, మెడ ముందుకు సాచి, అచ్చుగుద్దినట్టు టింగులాగే. వాళ్ళ వెనక నాన్నలు కూడా నాలుగడుగులు అలాగే వేసి, ఎవరైనా చూశారేమోనని పక్కచూపులు చూసి నవ్వుకుంటున్నారు. వాళ్ళలో ఎవరి కాలికీ ఏ లోపమూ లేదు. 'పదకొండో ఆటగాడు' సినిమా వచ్చి పాతికేళ్ళయిందని ఆ హాల్లో మళ్ళీ వేస్తున్నారు. అదీ సందడి.

ఆ టింగుకి నడక నేర్పిన మనిషి మాత్రం మెట్ల పక్క స్తంభం చాటున నిలబడి, చేతిసంచీ పట్టీని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం చేస్తోంది. అందరూ ఆమెను బొమ్మలక్క అంటారు. యాభై రెండేళ్ళు నిండినా ఆ పేరు ఆమెను వదల్లేదు. పిల్లల పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. సాయంత్రాలు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డ్రాయింగ్ చెబుతుంది. ఎక్కడికి వెళ్ళినా, "ఈవిడే టింగుని గీసింది" అన్నాకే జనం కళ్ళు పెద్దవి చేసుకుంటారు.

ఆ సినిమా చూడనివాళ్ళు తక్కువ. ఉంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక చిన్న ఫుట్‌బాల్ జట్టు. మనుషులు నిజం మనుషులే, కెమెరాతో తీసినవాళ్ళే. గోల్‌కీపర్ జట్టు వదిలి పారిపోతాడు. మిగిలిన పది మందితో దిక్కుతోచక కూర్చున్న కోచ్ ముందు, గోడ మీద ఎవరో పిల్లలు సుద్దతో గీసిన కొంగ ఒకటి రెక్కలు దులుపుకుని కిందికి దిగుతుంది. దానికి ఒక కాలు పొట్టి. గీసినవాళ్ళకి సుద్దముక్క మధ్యలో అయిపోయిందట. ఆ కొంగే టింగు. గోల్ ముందు నిలబడి కొంగజపం చేస్తూ, కుంటుతూ కుంటుతూనే, వచ్చిన ప్రతి బంతినీ ముక్కుతో పట్టేస్తుంది. చివరి మ్యాచ్ గెలవగానే ఆ పొట్టి కాలు సర్రున పెరిగి రెండో కాలికి సమానమవుతుంది. టింగు ఎగిరిపోతుంది. హాలంతా ముక్కులు చీదుకుంటుంది.

విమర్శకులు అప్పట్లో పెదవి విరిచారు. జనం వాళ్ళని పట్టించుకోలేదు. టింగు వేసుకునే సున్నా నంబరు పసుపు బనీను తొడుక్కోని పిల్లవాడు లేడు. పేరున్న ఆటగాళ్ళు గోల్ కొట్టి మైదానంలో టింగు నడక నడిచారు. పుట్టినరోజు పార్టీల్లో తాతలు కూడా నడిచారు. ఆఖరి నిమిషంలో వచ్చి పని చక్కబెట్టినవాణ్ణి "టింగులా వచ్చాడ్రా" అనడం మాటల్లో కలిసిపోయింది. ఇప్పుడా మాట అనేవాళ్ళలో సగం మందికి అది సినిమాలోదని కూడా తెలియదు.

ఆట అయ్యాక బొమ్మలక్కను తెర ముందుకి పిలిచారు. ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగారు. "ఆ నడక ఎలా పట్టుకున్నారండీ?"

"చెరువు గట్టున మూడు రోజులు కూర్చుని కొంగల్నే చూశాను" అంది ఆమె. పాతికేళ్ళుగా చెబుతున్న జవాబది. నాలుకకి అలవాటైపోయింది. చప్పట్లు కొట్టారు.

బయటికి వస్తుంటే తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి దారికి అడ్డం నిలబడింది. సున్నా నంబరు బనీను వేసుకుంది. ఎడమ కాలికి తొడ దాకా ఇనుప పట్టీల బూటు ఉంది.

"ఆంటీ, మీరేగా గీసింది? టింగు కాలు ఎన్ని మ్యాచులాడాక బాగైంది?"

బొమ్మలక్కకి వెంటనే అర్థం కాలేదు. "ఎన్ని అంటే..."

"నేను లెక్కపెట్టాను. ఐదు. నేను ఇప్పటికి పదిహేడు ఆడాను."

వాళ్ళమ్మ గబగబా వచ్చి పిల్ల భుజం పట్టుకుంది. "పద, ఆంటీకి బోలెడు పనులుంటాయి. ఏమనుకోకండి మేడమ్, దీనికి వాగుడెక్కువ" అని నవ్వబోయి, నవ్వు రాక, పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది. జవాబు ఇంకా వస్తుందనుకుంది కాబోలు.

ఇంటికి వచ్చిన బొమ్మలక్కకి కాలు నిలవలేదు. కుర్చీలో కూర్చుంది, లేచింది. తొమ్మిది పెన్సిళ్ళు చెక్కింది. ఒక్కదానితోనూ గీత గీయలేదు. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయింది. పదిహేడు. ఆ అంకె చెవిలో జోరీగలా తిరుగుతోంది. పదిహేడు మ్యాచులు ఆడి, ప్రతి మ్యాచ్ అయ్యాక ఆ పిల్ల ఇంటికెళ్ళి బూటు విప్పి కాలు కొలుచుకుని ఉంటుందా? కొలుచుకునే ఉంటుంది. ఆ వయసు పిల్లలు చూసిందల్లా నమ్ముతారు.

ఆ నడక ఏ కొంగదీ కాదన్న సంగతి బొమ్మలక్క ఒక్కదానికే తెలుసు. కనీసం అలాగని ఆమె అనుకుంటోంది.

అప్పుడామెకి ఇరవై ఆరేళ్ళు. స్టూడియోలో కింద దీపం వెలిగే గాజు బల్లల ముందు ముప్పై మంది కూర్చుని, తెర మీద ఒక్కో సెకనుకి పన్నెండు కాగితాల చొప్పున బొమ్మలు గీసేవాళ్ళు. టింగు నడక ఆమెకి అప్పగించారు. పదకొండు రకాలుగా గీసింది. పదకొండింటినీ డైరెక్టరు తిప్పికొట్టాడు. "ఇది కుంటడం లేదమ్మా, నటిస్తోంది" అన్నాడు. ఇంకో నాలుగు రోజుల్లో ఇవ్వకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర తల పట్టుకుని కూర్చుని ఉండగా, వీధి చివర గట్టు మీంచి తమ్ముడు వస్తూ కనిపించాడు. వాడికి ఆరేళ్ళప్పుడు వచ్చిన జ్వరంలో ఎడమ కాలు సన్నబడిపోయింది. ఆ మధ్యే సైకిల్ షాపు తెరిచాడు. రెండు చేతుల్లో రెండు చక్రాలు పట్టుకుని గట్టు దిగుతున్నాడు. ఎడమ కాలు పక్కకి గిరుక్కున తిరిగి ముందుకి పడుతోంది. భుజం ఎగురుతోంది. మెడ సాగుతోంది.

ఆమె చెయ్యి దానంతటదే కదిలింది. కరెంటు బిల్లు వెనక గీసేసింది. వాడు గుమ్మం ఎక్కి, "ఏం గీస్తున్నావే?" అని అడిగేసరికి కాగితం బోర్లా తిప్పి, "కొంగ" అంది.

మర్నాడు డైరెక్టరు ఆ నడక చూసి బల్ల మీద గుద్దాడు. "ఇదీ!" అన్నాడు.

తర్వాత జరిగిందంతా లోకానికి తెలిసిందే. తెలియనిది ఒక్కటే. అక్కాతమ్ముళ్ళిద్దరూ పాతికేళ్ళలో టింగు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. వాడికి పెళ్ళయింది, షాపు పెద్దదయింది, వాడి కూతురు ఆ పసుపు బనీను తొడుక్కుని పెరిగింది. టింగు మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరో అవతలి వీధివాళ్ళ సంగతిలా దాటిపోయేది.

సోమవారం పదకొండింటికి బొమ్మలక్క బస్సెక్కింది. కూర్చోలేక ఒక స్టాపు ముందే దిగి నడిచింది.

షాపులో తమ్ముడు ఎత్తు స్టూలు మీద కూర్చుని, స్టాండుకి బిగించిన చక్రాన్ని తిప్పుతూ బెండు తీస్తున్నాడు. నలభై ఏడేళ్ళకే జుట్టంతా నెరిసింది. చువ్వలు బిగించే తాళంచెవి వేళ్ళ మధ్య ఆడుతోంది. చక్రం తిరిగి తిరిగి ఒకచోట చిన్నగా 'సర్' మంటోంది.

"ఏంటక్కా, పనిరోజు పూట ఊడిపడ్డావ్?"

"ఊరికే వచ్చాన్రా."

"ఊరికే వచ్చే మనిషివా నువ్వు? కూర్చో. ఆ టైరు మీద కాదు, గ్రీజుంది."

ఆమె కూర్చోలేదు. షాపులో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. గోడకి వేలాడుతున్న చెయిన్లని ముట్టుకుని వేళ్ళు నల్లగా చేసుకుంది. వాడు ఓపిగ్గా చూశాడు.

"నువ్వలా తిరిగితే నా చక్రం వంకర నాకు కనపడదు. చెప్పు."

"టింగు నడక నీదేరా" అంది, ఒక్క గుక్కలో. "ఆ రోజు నిన్ను చూసి గీశాను. నిన్ను అడగలేదు. నీకు చెప్పలేదు."

వాడు చక్రం ఆపలేదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఆట నుంచి. టికెట్టిచ్చింది నువ్వేగా. అది గోడ దిగి మొదటి అడుగెయ్యగానే తెలిసింది. హాలంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే పక్కవాడు నా వంక చూస్తాడేమోనని." ఒక చువ్వ బిగించాడు. "ఇంటర్వెల్లో బయటికి వెళ్దామనుకున్నా. లేచి నడిస్తే అందరికీ తెలిసిపోతుందిగా. అందుకని సినిమా అయ్యి, హాలు ఖాళీ అయ్యి, ఊడ్చేవాడొచ్చి 'సార్, లేవండి' అనేదాకా కుర్చీకి అతుక్కుని కూర్చున్నా."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనలేదేంరా?"

"నువ్వన్నావా?"

అప్పుడే లోపల్నుంచి మరదలు రెండు గ్లాసుల టీతో వచ్చింది. వచ్చేటప్పటికే అంతా విన్నట్టుంది.

"బాగుంది వదినా మీ ఇద్దరి వరస" అంది. "ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా ఈయన చివరి పది నిమిషాలూ టీవీ కట్టేస్తారు. ఎందుకండీ అంటే కరెంటు దండగ అంటారు. నేను పొదుపు మనిషనుకుని మురిసిపోయాను ఇన్నాళ్ళూ."

వాడు టీ గ్లాసు అందుకున్నాడు.

"ఇంకోటి చెప్పనా అక్కా? అది నా నడక కానే కాదు."

"అంటే?"

"నువ్వు చూసింది రెండు చేతుల్లో రెండు చక్రాలతో గట్టు దిగేటప్పుడు. చేతులు ఖాళీ లేకపోతే అలా విసరాల్సి వస్తుంది. మామూలుగా నేనలా నడవను." స్టూలు దిగాడు. ఎడమ అరచెయ్యి మోకాలి పైన ఆనించి, దాన్ని కొద్దిగా వెనక్కి నొక్కి, నిదానంగా గుమ్మం దాకా నడిచి వచ్చాడు. భుజం ఎగరలేదు. మెడ సాగలేదు. "ఇదీ నాది. ఒక్క సాయంత్రం చూసి గీసేశావ్. ఊళ్ళకి ఊళ్ళు పాతికేళ్ళుగా తప్పు నడక నడుస్తున్నాయి."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెంటనే, అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ చెయ్యి మోకాలి మీద ఉండటం తన కంటికి ఆననేలేదని గుర్తొచ్చి నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

"నడక ఎత్తుకెళ్ళావని కాదు నాకు మండింది" అన్నాడు వాడు, ఈసారి మెల్లగా. "చివర్లో కాలు బాగుచేసేశారు చూడు. అక్కడ. గెలిచింది కాబట్టి బాగైంది. అంటే బాగవ్వనివాడు ఏం చెయ్యనట్టు?"

"అది డైరెక్టరు..."

"గీసింది నువ్వు."

గీసింది తనే. పద్ధెనిమిది కాగితాల్లో ఆ కాలు పెరుగుతుంది. ఒక్కో కాగితంలో గోరంత.

అప్పుడామె ఆ బూటు పిల్ల సంగతి చెప్పింది. పదిహేడు మ్యాచుల సంగతి చెప్పింది. వాడి చెయ్యి చక్రాన్ని పట్టుకుని ఆపేసింది.

"పదిహేడా?" అన్నాడు.

"నేను అందరి ముందూ చెప్పేస్తాన్రా. పేపర్లో చెప్తాను. కొంగల్ని చూసి కాదు, మా తమ్ముణ్ణి చూసి..."

"నా ఊసెత్తావంటే ఊరుకోను." గొంతు పెద్దది చెయ్యలేదు గానీ మరదలు చటుక్కున వాడి వైపు చూసింది. "నీ మనసు తేలికవ్వడానికి నన్ను స్టేజీ ఎక్కిస్తావా? సినిమా వచ్చిన ఏడాది ఈ వీధి పిల్లలంతా 'టింగూ' అని నా వెంటపడేవాళ్ళు. వాళ్ళు పెద్దాళ్ళయ్యి, మర్చిపోయి, నేను మళ్ళీ ఉత్త సైకిల్ మెకానిక్‌ని అవడానికి ఎన్నేళ్ళు పట్టిందో నీకు తెలీదు. మళ్ళీ నన్ను కొంగని చెయ్యకు."

ఆమె తల ఊపింది. టీ చల్లారిపోయింది.

"ఏదైనా చెయ్యాలని అంత కాళ్ళు పీకుతుంటే ఒకటి చెయ్యి" అన్నాడు చక్రం మళ్ళీ తిప్పుతూ. "రెండో సినిమా తీస్తున్నారని పేపర్లో పడింది. ఆ కాలు బాగుచెయ్యనివ్వకు."

రెండో సినిమాకి సలహాలివ్వమని బొమ్మలక్కని అప్పటికే రెండుసార్లు అడిగారు. ఆమె రేపూ మాపూ అంటూ నెట్టుకొస్తోంది. ఈసారి తనే వెళ్ళింది. కొత్త డైరెక్టరుకి ముప్పై రెండేళ్ళుంటాయి. ఏడేళ్ళ వయసులో టింగుని చూసి సినిమాల్లోకి వచ్చిన మనిషి. ఆ గదిలో గాజు బల్లలు లేవు. కంప్యూటర్లే. గోడ నిండా టింగు బొమ్మలు, పాత బనీన్లు.

కథ చెప్పింది డైరెక్టరమ్మ. మొదటి సీన్లో టింగు తుఫానులో చిక్కుకుంటుంది, బాగైన కాలు మళ్ళీ విరుగుతుంది. చివరి మ్యాచ్‌లో మళ్ళీ బాగవుతుంది.

"మొదట్లో విరగ్గొట్టి చివర్లో అతికిస్తారా?" అంది బొమ్మలక్క. "అది కాలా, సైకిల్ ట్యూబా?"

డైరెక్టరమ్మ నవ్వేసింది. "ఏం చెయ్యమంటారు మేడమ్? కుంటకపోతే అది టింగే కాదంటారు జనం. చివర్లో బాగవ్వకపోతే ఒప్పుకోమంటారు ప్రొడ్యూసర్లు."

బొమ్మలక్క లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. బూటు పిల్ల గురించి చెప్పింది. డైరెక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. తర్వాత, చెప్పకూడదనుకుంటూనే, ఇంకో మాట కూడా అంది. "ఆ నడక నేను కొంగల దగ్గర నేర్చుకోలేదమ్మా. ఒక మనిషి దగ్గర ఎత్తుకొచ్చాను. ఎవరని అడక్కు. చెప్పనని మాటిచ్చాను. కానీ దాన్ని కూడా సరిగ్గా ఎత్తుకు రాలేదట. ఈ మధ్యే తెలిసింది."

"ఇప్పుడు నడకలు గీయట్లేదు మేడమ్" అంది డైరెక్టరమ్మ. "మనిషి ఒంటికి చుక్కలు అంటించి నడిపిస్తాం. చుట్టూ కెమెరాలు ఆ చుక్కల్ని పట్టుకుంటాయి. ఆ మనిషిని... ఒక్కసారి అడగండి. ఇష్టమైతేనే. పేరు బయటికి రాదు. నాది పూచీ."

బొమ్మలక్క అడిగింది. "నీకేమైనా పిచ్చా?" అని వాడు ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె మనసు మనసులో లేదు. పాఠ్యపుస్తకంలో ఆవుకి ఐదు కాళ్ళు గీసి, పబ్లిషరు ఫోన్ చేసి అడిగితే నాలిక కరుచుకుంది. తమ్ముడికి ఫోన్ చెయ్యబోయి పెట్టేసేది. పెట్టేసి మళ్ళీ తీసేది. తను మళ్ళీ అదే పని చేస్తోందా, వాణ్ణి మళ్ళీ వాడుకుంటోందా అన్న అనుమానం ఎటు తిరిగినా వెంటే వచ్చేది. ఎదురుగా అడిగినంత మాత్రాన అది దొంగతనం కాకుండా పోతుందా? ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు.

నాలుగో వారం వాడే ఫోన్ చేశాడు. "అక్కా, నేను రాకపోతే వాళ్ళు ఆ పాత నడకే పెట్టేస్తారా?"

"పెట్టేస్తారు."

"అయితే వస్తా. తప్పు తెలిసీ బండి బయటికి పంపడం నా వల్ల కాదు."

స్టూడియోలో వాడికి ఒంటికి అతుక్కునే నల్ల డ్రెస్సు తొడిగి, కీళ్ళ దగ్గరల్లా తెల్లటి గుండ్రటి చుక్కలు అంటించారు. తోడు వచ్చిన మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పెళ్ళిలో కూడా ఇంత ముస్తాబు లేదు వదినా ఈయనకి" అని బొమ్మలక్క చెవిలో ఊదింది. వాడికి వినపడింది. "నవ్వండి నవ్వండి, ఇవాళ మీదే రోజు" అన్నాడు.

ఖాళీ హాల్లో, పచ్చ గీతలు గీసిన నేల మీద నడిచాడు. మోకాలి మీద చెయ్యి. నిదానం. పక్కనున్న తెర మీద చుక్కలు కలిసి ఒక పుల్లల మనిషి అదే నడక నడుస్తున్నాడు. బొమ్మలక్క తెరనే చూసింది. తన చెయ్యి ముప్పై ఏళ్ళ అలవాటుతో తొడ మీద గీతలు గీస్తుంటే రెండో చేత్తో దాన్ని పట్టుకుంది.

కంప్యూటర్ల ముందు కూర్చున్న టెక్నీషియన్ మైకులో అన్నాడు. "చాలా బాగుంది సార్. కొంచెం ఎక్కువ కుంటగలరా? తెర మీద సరిగ్గా తెలియట్లేదు."

డైరెక్టరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎక్కువ కుంటడం నాకు రాదు బాబూ" అన్నాడు తమ్ముడు. "అది మా అక్కకి వచ్చు."

పేరు బయటికి రానివ్వనని పూచీపడ్డ రహస్యం అలా వాడి నోటే తేలిపోయింది. ఎవరూ నవ్వలేదు. బొమ్మలక్క ముఖం కందిపోయింది. బయటికి వెళ్ళిపోదామని రెండడుగులు వేసింది కూడా. తలుపు మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేసి, వెనక్కి వచ్చి నిలబడింది. ఆ మాట పడాల్సింది తనే. పడి అక్కడే ఉండాలి.

"నడక అయ్యింది కదా. బంతేది?" అన్నాడు వాడు. "గోల్‌కీపరన్నారుగా. ఉత్తి నడకేనా?"

అది ఎవరూ అనుకోలేదు. ఎక్కడో వెతికి ఒక బంతి తెచ్చారు. రెండు కుర్చీలు గోల్ అయ్యాయి. టెక్నీషియనే వచ్చి తన్నాడు, పసిపిల్లకి తన్నినట్టు. తమ్ముడికి చిర్రెత్తింది. "అన్నం తిన్లేదా? గట్టిగా తన్ను!"

గట్టిగా తన్నాడు. తమ్ముడు ఎగరలేదు. బంతి కాలు వదలకముందే ఎటు వస్తుందో చూసుకుని, కుడి కాలి మీద బరువేసి ముందే పక్కకి వాలిపోతున్నాడు. కుడి వైపు వచ్చినవన్నీ దొరుకుతున్నాయి. ఎడమ వైపువి సగం పోతున్నాయి. ఒకసారి దభీమని పడ్డాడు. బొమ్మలక్క ఉరకబోయింది.

"నువ్వాగు" అన్నాడు నేల మీంచే. మోకాలు పట్టుకుని, తనంతట తనే లేచాడు. రొప్పుతున్నాడు. ముఖం మీద చెమటా, చాలా ఏళ్ళుగా ఆమె చూడని తుంటరితనమూ ఉన్నాయి. "మా వీధిలో ఆదివారాలు నేనే కీపర్ని. పన్నెండేళ్ళుగా. నీకు తెలీదులే." తర్వాత డైరెక్టరమ్మ వైపు తిరిగాడు. "ఎడమ పక్కవి కొన్ని పోతాయమ్మా. సినిమాలో కూడా పోనివ్వండి. అన్నీ పట్టేస్తే అది మాయ. ఆట కాదు."

సినిమా పూర్తవడానికి ఏడాదిన్నర పట్టింది. చివరి సీను కోసం ప్రొడ్యూసర్లతో డైరెక్టరమ్మ నానా గొడవా పడింది. బొమ్మలక్క ప్రతి మీటింగుకీ వెళ్ళి, ప్రతి మీటింగులోనూ పదిహేడు అన్న అంకె చెప్పి, వాళ్ళని విసిగించింది. చివరికి కాలు అలాగే ఉంది. టింగు ఎడమ వైపు రెండు గోల్స్ వదిలింది. జట్టు ఓడింది. మర్నాటి ఉదయం టింగు మళ్ళీ మైదానానికి వస్తుంది. సినిమా అక్కడ ఆగుతుంది.

అది పాతదానంత ఆడలేదు. ఉన్నమాట చెప్పాలి. కొంతమంది తల్లిదండ్రులు, ఎగరదేంటి, పిల్లలు ఏడుస్తున్నారు అన్నారు. కొంతమంది ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్ని బొమ్మలక్క ఎవరికీ చూపించకుండా దాచుకుంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని నడవడం పిల్లలు నేర్వనే లేదు. మైదానాల్లో గోల్ కొట్టాక ఇప్పటికీ ఆ పాత విసురు నడకే నడుస్తున్నారు. బూటు పిల్ల మళ్ళీ కనిపించలేదు. హాలు మేనేజరుతో చెప్పి వెతికించింది, రెండు ఆసుపత్రుల్లో అడిగింది. ఆచూకీ తెలియలేదు. ఆ అప్పు తీరనే లేదనిపిస్తుంది ఆమెకి. ఎక్కడైనా పిల్లలు బంతాడుతుంటే ఆగి కాళ్ళు చూడటం అలవాటైపోయింది.

తెర మీద పేర్లు పడే చోట, తమ్ముడి కోరిక ప్రకారం, "నడక, ఆట: ఒక సైకిల్ మెకానిక్" అని మాత్రమే వేశారు. మరదలు మాత్రం, "పేరు వేస్తే ఏం పోయేదండీ? మా అక్కయ్యకి చూపించుకునేదాన్ని" అని వారం రోజులు సణిగింది.

సినిమా చూసి వస్తూ బస్ స్టాపులో బొమ్మలక్క అడిగేసింది. "ఇంకా కోపముందారా నా మీద?"

"ఉంది" అన్నాడు తడుముకోకుండా. బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు. "పోతే నేనే చెప్తాలే. నువ్వు అడక్కు."

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె షాపుకి వెళ్ళింది. వాడు ఒక సైకిల్ వెనక చక్రం ఫ్రీవీల్ విప్పి కిరసనాయిల్లో కడుగుతున్నాడు. ఎండ ఏటవాలుగా వాడి చేతుల మీద పడుతోంది. ఆమె సంచీలోంచి చిన్న పుస్తకమూ పెన్సిలూ తీసింది. తీసి, పట్టుకుని, ఆగింది.

"గీయనా?"

"ఏంటి?"

"నిన్నే. దేనికీ కాదు. ఊరికే."

వాడు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఇవాళ వద్దక్కా."

"సరే" అంది. పుస్తకం లోపల పెట్టేసింది. పెన్సిల్ లేని వేళ్ళు ఊరుకోక కాసేపు సంచీ జిప్పుతో ఆడుకున్నాయి. వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు. గ్రీజు లేని టైరు ఒకటి వెతుక్కుని, దాని మీద కూర్చుని, వాడు ఫ్రీవీల్లో గుండ్లు ఒక్కొక్కటే అమరుస్తుంటే చూస్తూ ఉండిపోయింది.